లేజర్ వేడి చికిత్స తర్వాత పాప కనుపాపలో తేడా: ఎవరికైనా ఇలా జరిగిందా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా పాపకు రెండేళ్లు దాటాయి. ఫోటోల్లో ఒక కన్ను పిల్లి కన్నులా తెల్లగా మెరుస్తుంటే ఫ్లాష్ వల్లేమో అనుకున్నాం. తీరా చూస్తే రెటినోబ్లాస్టోమా, అంటే కంటి వెనక పొర రెటీనాలో వచ్చే క్యాన్సర్ గడ్డ. కీమోతో గడ్డ తగ్గాక, మిగిలినదానికి చెన్నైలో మత్తు ఇచ్చి మూడుసార్లు లేజర్ వేడి చికిత్స చేశారు. 810 నానోమీటర్ల కిరణాన్ని కంటిపాప గుండా పంపి, గడ్డను మెల్లగా వేడెక్కిస్తారట. మాడ్చేయడం కాదని డాక్టర్ గారు బొమ్మ గీసి మరీ చెప్పారు.

గడ్డ చచ్చి మచ్చలా మారింది. దేవుడి దయ. కానీ ఇప్పుడు నల్లగుడ్డు అంచున ఒకచోట రంగు పలచబడింది, కంటిపాప గుండ్రంగా లేదు. లెన్స్‌లో చిన్న మసక కూడా ఉందన్నారు. కిరణం ఐరిస్ (ఆ నల్లగుడ్డు) అంచుకు తగిలితే ఇలా అవుతుందట. రెటీనా రక్తనాళాలు మూసుకుపోవడం, రెటీనా లాగినట్టు కావడం కూడా జరగొచ్చని సంతకం పెట్టించుకునేటప్పుడు చెప్పారు. ఆ టెన్షన్‌లో మాకేం బుర్రకెక్కింది!

మీ పిల్లలకు ఇలా జరిగి ఉంటే చెప్పండి. ఆ మసక అక్కడే ఆగిందా, పెరిగిందా? శుక్లం ఆపరేషన్ దాకా వెళ్లిందా? మంచి కంటికి ప్యాచ్ కడితే చూపు మెరుగైందా? మా పాప అయితే రెండు నిమిషాలకే పీకేస్తోంది. వచ్చే నెల మళ్లీ మత్తులో పరీక్ష ఉంది, అప్పుడు ఏమేం అడగాలో కూడా చెప్పండి. పసరు మందులు మాత్రం చెప్పకండి, మా అత్తమ్మ దగ్గర ఇప్పటికే చాలా ఉన్నాయి.