'డోంట్ బ్లింక్' తెలుగులో ఎలా? కన్నార్పకు, రెప్ప వేయకు, కన్నార్పొద్దు

ప్రశ్న:
బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ ధారావాహిక 'డాక్టర్ హూ' మూడో సిరీస్‌లో పదో భాగం 'బ్లింక్' గురించి ఈ చర్చ. స్టీవెన్ మొఫాట్ రాసిన ఈ భాగం 2007 జూన్ 9న బీబీసీ వన్‌లో ప్రసారమైంది, మరుసటేడు సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో పురస్కారం అందుకుంది. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ముగింపు గురించి కూడా మాట్లాడక తప్పదు. ఇందులో రాతిబొమ్మల్లా ఉండే జీవులు ఎవరైనా చూస్తున్నంతసేపు నిజంగా రాళ్ళే. చూపు తప్పిందా, కదిలి మీదికొస్తాయి. అవి తాకిన మనిషి గతంలోకి వెళ్ళి పడతాడు. 1969లో చిక్కుకున్న డాక్టర్ (కాలంలో ప్రయాణించే కథానాయకుడు), డీవీడీల్లో దాచిన దృశ్యాల ద్వారా సాలీ స్పారో అనే యువతిని హెచ్చరిస్తాడు: 'డోంట్ బ్లింక్'. భాగమంతా ఈ రెండు మాటల మీదే నిలబడింది. డబ్బింగ్‌కైనా సబ్‌టైటిల్‌కైనా దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

జవాబు:
ముందు పనికిరానివి తీసేద్దాం. 'కన్ను మూయకు' కుదరదు, తెలుగులో కన్ను మూయడమంటే చనిపోవడం. 'కన్ను కొట్టకు' అంటే అసలు అర్థమే వేరు. మిగిలేవి మూడు: రెప్ప వాల్చు, రెప్ప వేయు, కన్నార్పు. వాల్చడంలో నెమ్మది ఉంది. సిగ్గుతో వాల్చిన రెప్ప, నిద్రకు వాలిన రెప్ప చాలాసేపు కిందే ఉండిపోవచ్చు. ఇక్కడ ప్రమాదం రెప్పపాటులో ఉంది కాబట్టి అది సరిపడదు. 'రెప్ప వేయు' అర్థం ప్రకారం కచ్చితమైనదే. నా ఓటు మాత్రం 'కన్నార్పు'కి. 'కన్నార్పకుండా చూశాడు' అన్న వాడుకలో రెప్ప ఆడకపోవడం, చూపు నిలపడం రెండూ కలిసే ఉన్నాయి. బొమ్మ మీంచి చూపు తియ్యకూడదనేదే కదా అసలు షరతు. 'దీపం ఆర్పు'లో ఉన్న క్రియే ఇది. కన్ను ఆరిన ఆ క్షణం చీకటి అన్న భావం మాటలోనే ఉంది. 'కళ్ళు' అని బహువచనం కూడా అక్కర్లేదు. 'కాలు కడుక్కో' అంటే రెండు కాళ్ళూ అయినట్టే, 'కన్నార్పు' అంటే రెండు కళ్ళూ.

మరో జవాబు:
డబ్బింగ్ వైపు నుంచి చూస్తే ఇంకో విషయం ఉంది. ఈ భాగంలో డాక్టర్ కనిపించేది తక్కువ. ఈ హెచ్చరిక చేసేటప్పుడు మాత్రం టీవీ తెర నిండా అతని మొహమే, సూటిగా కెమెరాలోకి చూస్తూ మాట్లాడతాడు. పెదాలు కలవకపోతే వెంటనే దొరికిపోతాం. 'డోంట్'లో నోరు తెరిచి ఉంటుంది, 'బ్లింక్' మొదట్లో రెండు పెదాలూ మూతపడతాయి. 'రెప్ప వేయకు' అంటే పెదాలు కలిసే 'ప్ప' ముందే, 'డోంట్' దగ్గరే వచ్చేస్తుంది. 'బ్లింక్' మీదికి 'వేయకు' పడుతుంది. 'వ'కి పెదాలు పూర్తిగా మూసుకోవు కాబట్టి తేడా తెలిసిపోతుంది. అదే 'కన్నార్ప...' అంటే 'కన్నా' సరిగ్గా 'డోంట్' మీద, 'ర్ప' సరిగ్గా 'బ్లింక్' మీద కూర్చుంటాయి. ప, బ రెండూ ఓష్ఠ్యాలే, పెదాల కదలిక ఒకటే.

ఇంకో జవాబు:
క్రియ కుదిరింది సరే, చివర ఏం పెట్టాలి? 'కన్నార్పకు' అంటే నువ్వు. 'కన్నార్పకండి' అంటే మీరు. ఇంగ్లిష్‌లో ఈ బెడద లేదు. ఆ మాట మొదట సాలీకి, పక్కనున్న లారీకి (సాలీ స్నేహితురాలు కాథీ తమ్ముడు) వినిపిస్తుంది. చిట్టచివర ఊళ్ళోని మామూలు విగ్రహాలను ఒక్కొక్కటిగా చూపిస్తున్నప్పుడు మళ్ళీ అదే హెచ్చరిక వస్తుంది. అప్పుడది మనకు, చూస్తున్నవాళ్ళకు. అదే గొంతు, అదే మాట తిరిగి రావడంలోనే భయం ఉంది. అక్కడ 'కు', ఇక్కడ 'కండి' అని మార్చామా, ఆ దెబ్బ తగలదు.

అందుకే నేను 'కన్నార్పొద్దు' అంటాను. వద్దు చేరిన రూపానికి పురుష భేదం లేదు, వచన భేదం లేదు. నువ్వు కన్నార్పొద్దు, మీరు కన్నార్పొద్దు, రెండూ సరే. 'ఆర్పకూడదు', 'ఆర్పరాదు' అంటే గోడకు అంటించిన నియమంలా ఉంటుంది, ఎదుటి మనిషి ప్రాణం కోసం చెప్పినట్టు ఉండదు. ఛందస్సు లెక్కన కూడా ఇదే మేలు. 'కన్నార్పకు' రెండు గురువులు, రెండు లఘువులు, అంటే చివరికి గొంతు జారిపోతుంది. 'కన్నార్పొద్దు'లో వరసగా మూడు గురువులు, ఆ తర్వాత ఒకే లఘువు. ఆ నటుడు ఒత్తి ఒత్తి చెప్పే తీరుకు ఆ బరువు కావాలి.

ప్రశ్న వేసినవారు:
'కన్నార్పొద్దు' ఖాయం చేసుకుంటున్నాను. మరి డాక్టర్ హెచ్చరికలో చివరి వరుసలోని మూడు నిషేధాలు? వెనక్కి తిరగడం, చూపు మరల్చడం, రెప్ప వేయడం. 'వెన్ను చూపొద్దు, చూపు మరల్చొద్దు, కన్నార్పొద్దు' అనుకున్నాను. అలాగే 'రెప్ప వేస్తే చచ్చినట్టే' అన్న ముక్కకి 'కన్ను మూస్తే కన్ను మూసినట్టే' బాగుంటుందా?

జవాబు:
రెండూ వద్దండీ. 'వెన్ను చూపడం' అంటే యుద్ధంలో పారిపోవడం. ఇక్కడ పారిపోవడం తప్పేం కాదు, మొహం బొమ్మ వైపే ఉంచి వెనక్కి నడిస్తే చాలు. ఆ నుడికారం వాడితే 'ధైర్యంగా నిలబడు' అన్నట్టు వినిపిస్తుంది, సూచనే తప్పిపోతుంది. 'వెనుదిరగొద్దు' అన్నా అదే చిక్కు. మామూలుగా చెబుదాం: 'వీపు తిప్పొద్దు. చూపు తిప్పొద్దు. కన్నార్పొద్దు.' వీపు, చూపు ప్రాస వాటంతట అవే కలిశాయి. మూడింటి చివరా 'ఒద్దు' దెబ్బ ఒకేలా పడుతోంది. సబ్‌టైటిల్‌లో ఈ మూడూ ఒకేసారి వేయకండి. మూడోది విడిగా, అతను ఆగి పలికినప్పుడే రావాలి. ముందే చదివేస్తే ఉత్కంఠ పోతుంది.

'కన్ను మూస్తే కన్ను మూసినట్టే' వినగానే నవ్వు వస్తుంది, అక్కడ రావాల్సింది వణుకు. పైగా ఈ జీవులు పీక నులిమి చంపవు. సాలీ స్నేహితురాలు కాథీ నైటింగేల్ 1920కి వెళ్ళిపడి, అక్కడే జీవితమంతా గడిపి, సాలీ కాలానికి ముందే పోతుంది. తెలుగులో 'పోవు' అంటే వెళ్ళడమూ, చనిపోవడమూ. కథలో జరిగేది కచ్చితంగా ఆ రెండూ. 'కన్నార్పావో, పోయినట్టే.' మొదటిసారి చూస్తున్నవాళ్ళు చావు అనుకుంటారు, కథ తెలిసినవాళ్ళకు రెండో అర్థమూ తడుతుంది. ఇంగ్లిష్ 'డెడ్'లో లేని సదుపాయం ఇది.

మరో జవాబు:
ఆ జీవుల పేరు సంగతి కూడా చూడాలి, ఇంగ్లిష్‌లో 'వీపింగ్ ఏంజెల్స్'. 'ఏడ్చే దేవదూతలు' అనకండి, 'ఏడ్చావులే' అన్న ఈసడింపు గుర్తొస్తుంది. అసలు అవి ఏడవడం లేదు. ఒకదాన్నొకటి చూసుకుంటే రెండూ రాయిలా బిగుసుకుపోతాయి కనుక మొహాలు చేతుల్లో దాచుకుంటాయి. చివర్లో డాక్టర్ కాలయంత్రం టార్డిస్ మాయమై, దాని చుట్టూ ఉన్న నాలుగు జీవులూ ఎదురెదురు చూపుల్లో చిక్కుకునేది అందుకే. 'శోకదూతలు' నాకు నచ్చుతుంది. చిన్నదిగా ఉంది, వెనక 'యమదూతలు' వినిపిస్తుంది, మనిషిని ఉన్నచోటి నుంచి పట్టుకుపోయే పనీ ఒకటే.

ఎవరో ఒకరు 'అనిమిషులు' అని అంటారని ఊహిస్తున్నాను. రెప్పపాటు లేని దేవతలకు ఆ పేరుంది. దమయంతి స్వయంవరంలో నలుణ్ణి గుర్తుపట్టిన ఆనవాళ్ళలో రెప్పపాటు ఒకటి. కానీ ఈ కథలో రెప్ప వేయకుండా ఉండాల్సింది మనుషులు, ఆ పేరు పెడితే విషయం తలకిందులవుతుంది. నిమేషం (రెప్పపాటు కాలం) లెక్క మాత్రం ఇక్కడ చెప్పుకోదగ్గది. మనుస్మృతి ప్రకారం 18 నిమేషాలు కాష్ఠ, 30 కాష్ఠలు కళ, 30 కళలు ముహూర్తం, 30 ముహూర్తాలు రోజు. ముహూర్తం 48 నిమిషాలు కాబట్టి నిమేషం దాదాపు 0.18 సెకను. ఇప్పటి కొలతల్లో రెప్పపాటు 0.1 నుంచి 0.4 సెకను, అంటే సరిగ్గా సరిపోతోంది. అమరకోశం కళకూ ముహూర్తానికీ మధ్య క్షణాన్ని చేర్చి ఇంకా చిన్నముక్కలు చేసింది. ఆ లెక్కన నిమేషం 0.015 సెకను, ఏ రెప్పకూ అంత వేగం లేదు. శోకదూత గది దాటి వచ్చేది ఆ 0.18 సెకనులో అనుకుంటే వాటి వేగం ఎంతో అర్థమవుతుంది.

ప్రశ్న వేసినవారు:
చివరిగా ఒకటి. కాలం అంటే 'విబ్లీ వాబ్లీ, టైమీ వైమీ' ఉండలాంటిదని డాక్టర్ తడబడే చోటు?

జవాబు:
'టైమీ వైమీ'కి మన గి-ద్విరుక్తి ఉండనే ఉంది: కాలంగీలం. పులిగిలి, పుస్తకంగిస్తకం లాంటిదే. అయితే అది ఒక్కటే వాడితే 'కాలం, వగైరా' అన్న అర్థం వస్తుంది, మెలికలు తిరగడం రాదు. ఆ పని 'వంకరటింకర'కు అప్పజెప్పాలి. 'అదొక పెద్ద వంకరటింకర... కాలంగీలం... ఉండ.' మధ్యలో ఆగిన చోట్ల చుక్కలు ఉంచండి. మొదట శాస్త్రీయంగా ఎత్తుకుని మాటలు దొరక్క అలా దిగిపోతాడు కాబట్టి, ముందు వాక్యంలో 'కార్యకారణ సంబంధం' లాంటి గ్రాంథికపు మాట పడాలి. అప్పుడే ఈ జారుడు తెలుస్తుంది.