వర్డ్‌లో ఫుట్‌నోట్ల నంబర్లు కలగాపులగం అయ్యాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

సీమచెరువు:
అందరికీ నమస్కారం. మా మావయ్య రాయలసీమ చెరువుల శాసనాల మీద చేసిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామని నేను వర్డ్‌లో ఎడిట్ చేస్తున్నాను. ఆయనకు 78 ఏళ్ళు, చూపు బాగా తగ్గింది, అందుకే త్వరగా తేవాలని నా ఆరాటం. అయిదు అధ్యాయాలు, మూడు వందలకు పైగా ఫుట్‌నోట్లు. రెండో అధ్యాయంలో ఒక పేరాను రెండు పేజీలు ముందుకు జరిపాను. కొన్ని నంబర్లు వాటంతటవే మారాయి, కొన్ని మారలేదు, ఇప్పుడు 41 తర్వాత 38 వస్తోంది, ఆ తర్వాత మళ్ళీ 42. ట్రాక్ చేంజెస్ (ప్రతి దిద్దుబాటునూ గుర్తుపెట్టి చూపే ఏర్పాటు) ఆన్‌లో ఉంది, నేను తీసేసిన నోట్ కూడా ఇంకా లెక్కలో ఉన్నట్టే ఉంది. ప్రచురణకర్తేమో నోట్లు పేజీ కింద వద్దు, ప్రతి అధ్యాయం చివర రావాలి అంటున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, మూడో అధ్యాయం ఒక ఎత్తు. అది ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లోనే ఉంటే, మొత్తం కాపీ చేసి ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేశాను, యూనికోడ్ అయితే వచ్చింది కానీ ఒక్క ఫుట్‌నోట్ కూడా రాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి ఎవరైనా దారి చెప్పండి.

ప్రూఫుదిద్దరి:
కంగారు పడకండమ్మా, పాత ఫైలు పోలేదు కదా, ముందు దానికి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి.

మీ ఫైల్లో రెండు రకాల నంబర్లు ఉన్నాయి. కొన్ని వర్డ్ పెట్టిన నిజమైన ఫుట్‌నోట్లు, కొన్ని అప్పట్లో టైపు చేసినవారు చేత్తో అంకె వేసి పైకి లేపినవి. పేరా జరిపినప్పుడు మొదటి రకం మారతాయి, రెండో రకం ఎక్కడివక్కడే రాయిలా కూర్చుంటాయి. తేడా తెలియాలంటే అంకె మీద డబుల్ క్లిక్ చేయండి, నిజమైనదైతే కింద నోట్ దగ్గరికి తీసుకెళ్తుంది. చేత్తో వేసిన అంకె కనపడిన చోటల్లా దాని పక్కన కర్సర్ పెట్టి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కితే కొత్త నోట్ వస్తుంది, పాత నోట్‌లోని మాటలు అందులోకి తెచ్చి, ఆ దొంగ అంకెను చెరిపేయండి. అధ్యాయం మొదటి నుంచి వరసగా వెళ్ళండి, మధ్యలో దూకితే ఏది చేశారో గుర్తుండదు.

నోట్ తీసేయాలంటే పైన వాక్యంలో ఉన్న అంకెను చెరపాలి. కింద ఉన్న మాటలు మాత్రమే చెరిపితే ఖాళీ నోట్ ఒకటి మిగిలిపోతుంది. ఇక ట్రాక్ చేంజెస్ సంగతి మీరు అనుకున్నదే నిజం, తీసివేతను అక్సెప్ట్ చేసేదాకా ఆ నోట్ నంబరు పట్టుకునే ఉంటుంది. నోట్ల తీసివేతల వరకు ముందే అక్సెప్ట్ చేసేయండి, మిగతా దిద్దుబాట్లు తర్వాత చూసుకోవచ్చు.

అధ్యాయం చివరికి మార్చడం ఆఖరి పని. ఎడిటింగ్ జరిగినన్నాళ్ళూ నోట్ అదే పేజీ కింద కళ్ళెదురుగా ఉంటేనే తప్పు దొరుకుతుంది. అంతా అయ్యాక ప్రతి అధ్యాయం ముందు సెక్షన్ బ్రేక్ (ఫైలును భాగాలుగా విడదీసే గుర్తు) పెట్టి, రిఫరెన్సెస్‌లో ఫుట్‌నోట్స్ అన్న చోట మూలనున్న చిన్న బాణం నొక్కండి. ఫుట్‌నోట్లను ఎండ్‌నోట్లుగా, అంటే చివర వచ్చే నోట్లుగా మార్చే కన్వర్ట్ అక్కడే ఉంటుంది. ఎండ్‌నోట్లకు ఎండ్ ఆఫ్ సెక్షన్, నంబరింగ్‌కు రీస్టార్ట్ ఈచ్ సెక్షన్ ఎంచుకుని, హోల్ డాక్యుమెంట్‌కు వర్తింపజేయండి. మార్చగానే అంకెలు రోమన్‌లోకి వెళ్తాయి, భయపడొద్దు, అదే పెట్టెలో 1, 2, 3 ఎంచుకుంటే సరిపోతుంది.

అక్షరకూర్పు:
మూడో అధ్యాయం గురించి నేను చెప్తాను, ఈ దెబ్బ నేనూ తిన్నాను. వర్డ్ ఫైల్లో ఫుట్‌నోట్ల పాఠం అసలు పాఠంతో కలిసి ఉండదు, లోపల వేరే భాగంగా దాచి ఉంటుంది. మీరు పేజీలు కాపీ చేసి కన్వర్టర్‌లో వేసినప్పుడు అక్కడికి వెళ్ళేది వట్టి అక్షరాలే. అందుకని నోట్ అంకెను ముట్టుకోకుండా, ఒక అంకెకూ ఇంకో అంకెకూ మధ్య ఉన్న ముక్కను మాత్రమే తీసి, మార్చి, అదే చోట పేస్ట్ చేయాలి. కింద నోట్లకూ అంతే, అంకె వదిలేసి మాటలు మాత్రమే. నెమ్మది పనే, అయినా ఒక్క నోట్ కూడా పోదు. ఇంకోటి, పేజీలు పెట్టేవారు పేజ్‌మేకర్‌లో చేస్తారేమో ముందే కనుక్కోండి. దానికి ఫుట్‌నోట్లు తెలియవు, మళ్ళీ అన్నీ చేత్తో పెట్టాలి. ఇన్‌డిజైన్ అయితే వర్డ్ నోట్లను తీసుకుంటుంది.

కడపకైఫీయత్తు:
పైవాళ్ళు నంబర్ల సంగతి బాగా చెప్పారు, కానీ నా భయం నంబర్ల గురించి కాదు, "పైదే" (అంటే పై నోట్‌లో చెప్పిన పుస్తకమే) గురించి. సిద్ధాంత గ్రంథం అంటున్నారు కాబట్టి నోట్లలో సగం "పైదే, పుట 102" అనే ఉంటాయి. ఉదాహరణకు, కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం (క్రీ.శ. 1369) గురించి ఒక నోట్‌లో శాసనాల సంపుటాలైన ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటం అని ఉండి, తర్వాతి నోట్‌లో "పైదే" అని ఉందనుకోండి. మీరు జరిపిన పేరా వచ్చి ఈ రెంటి మధ్య కూర్చుంది, అందులో ఒక కైఫీయత్తు (ఊరి పాత చరిత్ర రాసిన రికార్డు) నోట్ ఉంది. నంబర్లు చక్కగా సర్దుకుంటాయి, వర్డ్‌కు ఏ తప్పూ కనపడదు, కానీ ఇప్పుడా "పైదే" కైఫీయత్తును చూపిస్తుంది. చదివేవాడు ఆ పుట తీసి చూస్తే అక్కడ శాసనం ఉండదు. అందుకే ఇంకే పేరా జరపకముందే ప్రతి "పైదే"నూ వెతికి, దాని స్థానంలో పుస్తకం పేరు పొట్టిగా రాసేయండి. సంపాదకులు వాడే శైలి నియమాల పుస్తకం షికాగో మాన్యువల్ కూడా 2017లో వచ్చిన 17వ ముద్రణలో పొట్టి పేరే మేలంది. మీరు ఇప్పటికే జరిపిన పేరాకు మాత్రం పాత ఫైలు పక్కన పెట్టుకుని సరిచూడక తప్పదు.

"41వ నోట్ చూడండి" అని వాక్యాల్లో ఉన్నవీ అంతే. క్రాస్ రిఫరెన్స్‌గా (నోట్ నంబరుతో పాటు మారే సూచనగా) పెట్టి, మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే అవి మారతాయి. నోట్ల లోపల ఉన్నవి అందులో రావు, నోట్‌లో క్లిక్ చేసి మళ్ళీ సెలెక్ట్ చేయాలి.

సీమచెరువు:
అందరికీ ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. రెండో అధ్యాయంలో చేత్తో వేసిన అంకెలు 19 దొరికాయి, అన్నీ మార్చాను, వరస కుదిరింది. "పైదే"లు మాత్రం 64 ఉన్నాయి. నిన్న రాత్రి మావయ్యకు ఒక్కొక్కటీ చదివి వినిపించాను, నేను వాక్యం పూర్తి చేయకముందే ఆయన ఏ సంపుటమో చెప్పేశారు. నేను జరిపిన పేరా వల్ల మూడు తప్పయ్యాయి, దిద్దాను. రెండు చోట్ల ఆయనకూ గుర్తు రాలేదు, వాటికి పసుపు రంగు వేసి ఉంచాను, యూనివర్సిటీకి ఇచ్చిన టైపు ప్రతి మా అత్తయ్య వాళ్ళింట్లో ఉందట, ఆదివారం తెస్తున్నారు.