అట్లాసు: మోసినవాడి పేరా, కొలిచినవాడి పేరా?

అట్లాసు అన్న మాట మీద సాగిన ఒక చర్చలో, దానికి బదులు తెలుగులో ‘పటసంపుటి’ అనాలన్న సూచన వచ్చింది. పటాల పుస్తకాన్ని అట్లాసు అనడానికి కారణం భూమిని భుజాల మీద మోసే గ్రీకు రాక్షసుడేనని పలువురు రాశారు. ఆ వివరణకు రెండు సవరణలు అవసరం.

మొదటిది చిన్నది. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ కావ్యంలోని అట్లాసు మోసేది ఆకాశాన్ని. భూభారం అనగానే మనకు ఆదిశేషుడు స్ఫురిస్తాడు కనుక ఇతణ్ణి కూడా ఆ వరుసలోనే చేర్చుకున్నాం.

అసలు చిక్కు రెండవదానిలో ఉంది. పటాల సంపుటికి ఈ పేరు పెట్టినవాడు గెరార్డస్ మెర్కేటర్. దిక్సూచి చూపే ఒకే దిశలో సాగే ఓడదారి సరళరేఖగా కనిపించేలా 1569లో ప్రపంచ పటం గీసినవాడు. అతడు 1594లో డూయిస్‌బర్గ్‌లో మరణించగా, మరుసటి ఏడాది కుమారుడు రూమోల్డ్ వెలువరించిన సంపుటికి అట్లాస్ అన్న పేరు ఉంది. దాని ముందుమాటలో మెర్కేటర్ తలచుకున్నది ఆకాశం మోసే శిక్ష పడ్డవాణ్ణి కాదు. తత్త్వం, గణితం, ఖగోళం ఎరిగి, గోళాన్ని మొదట రూపొందించాడని ప్రతీతి గల అట్లాసు అనే మరొకణ్ణి, ఉత్తరాఫ్రికాలోని ప్రాచీన మారిటేనియా రాజును. ముఖచిత్రంలో సైతం గోళం భుజాల మీద కాక చేతుల్లో ఉంటుంది. పైగా మెర్కేటర్ తలపెట్టినది కేవలం పటాల కూర్పు కాదు, సృష్టి, ఆకాశం, భూమి, చరిత్ర అన్నిటినీ కలిపి చెప్పే బృహద్గ్రంథం.

అయితే మోసేవాడి కథను పూర్తిగా కొట్టిపారేయలేము. రోములో ప్రచురణకర్త ఆంటోనియో లాఫ్రెరీ పటాల కూర్పులకు వేసిన ముఖపత్రం మీద గోళాన్ని మోస్తున్న అట్లాసు బొమ్మ అంతకు ముందే ఉంది. జనం బొమ్మను గుర్తుంచుకుంటారు, ముందుమాట చదవరు.

ఒకే పరిమాణంలో, ఒకే పద్ధతిలో కూర్చిన తొలి ఆధునిక సంపుటిగా పేరొందినది ఆబ్రహాం ఒర్టేలియస్ 1570లో ఆంట్వెర్ప్‌లో ప్రచురించినది. దాని పేరుకు అర్థం ‘భూమండల రంగస్థలం’. అంత అందమైన పేరు నిలవలేదు. మెర్కేటర్ పటాలను ముద్రించే రాగిరేకులను కొన్న యోడోకస్ హోండియస్ 1606 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో కొత్త పటాలు చేర్చి ముద్రించిన సంపుటాలు విరివిగా అమ్ముడుపోవడం వల్ల, ఒక పుస్తకం పేరు క్రమంగా ఆ జాతి పుస్తకాలన్నిటి పేరైంది.

ఇక తెలుగులో ‘పటసంపుటి’ అనాలన్న సూచన వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. కానీ బడిపిల్లల నోట అట్లాసు ఏనాడో తెలుగు మాటయింది. దానిని మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.