18 ఏళ్ల బర్బన్‌కు అంత ధర పెట్టవచ్చా?

ప్రశ్న: ఇంతవరకు పదేళ్ల లోపు బర్బన్‌లే (మొక్కజొన్న ప్రధానంగా చేసే అమెరికా విస్కీ) కొన్న నేను, ఎలైజా క్రెయిగ్ అనే బ్రాండు 18 ఏళ్ల సీసా తీసుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. వయసుతోపాటు రుచి కూడా పెరుగుతుందా?

మొదటి సమాధానం: స్కాచ్ లెక్క ఇక్కడ పనికిరాదండీ. బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిల్వ చేయాలన్నది అమెరికా నిబంధన. కొత్త చెక్క తన సారాన్ని త్వరగా వదులుతుంది. పైగా బర్బన్ తయారీకి పేరుపడ్డ అమెరికా రాష్ట్రం కెంటకీలో వేసవి వేడికి గోదాము పై అంతస్తుల్లోని పీపాలు మరింత త్వరగా ముదురుతాయి కాబట్టి, పదిహేనేళ్లు దాటిన సరుకులో వెనిలా తీపిని మించి చెక్క వగరు నాలుకకు పట్టుకునే ప్రమాదం ఉంది.

రెండో సమాధానం: ధరకు రుచి ఒక్కటే కారణం కాదు. ఏటా కొంత ఆవిరై, 18 ఏళ్లకు పీపాలో సగానికి మించి పోవచ్చు. ఆ నష్టమంతా మిగిలినదాని మీదే పడుతుంది. పాపీ వాన్ వింకిల్ అనే మరో బర్బన్ 23 ఏళ్ల సీసాకు మారుబేరగాళ్లు చెప్పేది మాత్రం, నా దృష్టిలో, ఉత్త మోజు ధర.

మూడో సమాధానం: ముందు బారులో ఒక పెగ్గు రుచి చూడండి. ఎలైజా క్రెయిగ్ తయారుచేసే హెవెన్ హిల్ వారిదే 7 ఏళ్ల బాటిల్డ్ ఇన్ బాండ్ (అమెరికా చట్టం పెట్టిన ప్రమాణాల ప్రకారం నింపిన రకం) ఉంది. 50 శాతం ఆల్కహాల్‌తో ఘాటుగా ఉండే దానికే నా ఓటు.