కోళ్లు, రొయ్యలు, పాలు, మనుషులు: మందుకు లొంగని బాక్టీరియా లెక్కంతా ఒకే పుస్తకంలో రాయాలా?

ల్యాబ్_గుంటూరు

నేను గుంటూరు వైపు ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా మైక్రోబయాలజీ చూస్తున్నాను. మొన్న బాక్టీరియాను పెంచి చూసే ప్లేటు ఒకటి చేతికొచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో వచ్చిన ఒక పెద్దావిడది. పెరిగింది ఈ.కోలి, పేగుల్లో ఉండే బాక్టీరియా. ప్లేటు మీద మేం పెట్టే మందు బిళ్ల 6 మిల్లీమీటర్లు ఉంటుంది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కి ఆ వలయం 23 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ వస్తే మందు పనిచేస్తుందని రాస్తాం. 19కి మించకపోతే పనిచేయదని రాస్తాం. ఆవిడ ప్లేటు మీద స్కేలు పెడితే 6 వచ్చింది. అంటే బాక్టీరియా బిళ్ల అంచు దాకా పాకేసింది. ఆవిడ అంతకుముందు ఆసుపత్రిలో చేరింది లేదు, పెద్ద జబ్బులూ లేవు. మరి ఈ బాక్టీరియా ఆవిడ కడుపులోకి ఎలా చేరింది? చికెన్ నుంచా, పాల నుంచా, ఊరి నీళ్ల నుంచా, ఇంట్లో ఇంకొకరు ఎడాపెడా వాడిన మాత్రల నుంచా? దీనికి జవాబు చెప్పగలిగే ఏర్పాటు మన దగ్గర లేదు.

లెక్కలే లేవని కాదు. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2013 నుంచి పెద్దాసుపత్రుల్లో లెక్క తీస్తోంది. పశువులు, కోళ్లు, చేపల లెక్క కోసం వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏవో కలిసి ఇన్ఫార్ అనే నెట్‌వర్క్ పెట్టాయి. 2019–22 కాలానికి దాని నివేదిక కూడా వచ్చింది. తిండిలో మందు అవశేషాలను ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చూస్తుంది, ఎగుమతి రొయ్యల్లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా చూస్తుంది. ఎవరి పుస్తకం వాళ్లది. శాంపిల్ తీసే ఊరు వేరు, నెల వేరు, పద్ధతి వేరు. రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే ఒక గీత కూడా కలవదు.

నా ప్రతిపాదన ఇది. ఒక జిల్లా తీసుకోవాలి. అవే నెలల్లో, అదే బాక్టీరియా కోసం, అదే పద్ధతిలో కోళ్ల ఫారం, మాంసం కొట్టు, పాలకేంద్రం, చెరువు, మనుషులు, అన్నిచోట్లా శాంపిళ్లు తీయాలి. జిల్లావారీగా ఫలితాలు జనానికి చెప్పాలి. మీరేమంటారు?

రొయ్యల_రైతు_భీమవరం

డాక్టర్ గారూ, మీ బాధ అర్థమైందండి. కానీ లెక్క అనగానే చివరికి దెబ్బ తినేది మేమే.

మాకు పరీక్షలు తక్కువేమీ లేవు. పట్టుబడికి ముందు శాంపిల్ ఇవ్వాలి, ప్లాంటులో మళ్లీ పరీక్ష. ఐరోపా వాళ్లు 2016లో మన చెరువు రొయ్యల సరుకులో సగానికి సగం మళ్లీ పరీక్షించాలని పెట్టారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత యాంటీబయాటిక్‌ల జాడ దొరికితే కంటైనర్ వెనక్కి. నాకు పదహారెకరాల చెరువులున్నాయి. రాత్రి రెండింటికి నీళ్లకు గాలి అందించే ఏరేటర్ ఆగితే టార్చిలైటు పట్టుకుని గట్టు మీద పరిగెత్తే వాణ్ణి. రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు వస్తే అది వైరస్, దానికి యాంటీబయాటిక్ పనిచేయదని మా కూలీకి కూడా తెలుసు. మేం డబ్బు పోసేది ప్రోబయాటిక్స్‌కీ మినరల్స్‌కీ.

ఇప్పుడు మీరు "పశ్చిమ గోదావరి రొయ్యల్లో మొండి బాక్టీరియా" అని ఒక కాగితం బయట పెట్టారనుకోండి, మర్నాడే కొనుగోలుదారు కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకి) ఇంత అని ధర తగ్గించేస్తాడు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఏమైందో ఇక్కడ అందరం అనుభవించాం. మా ఊళ్లో పిల్లాడికి జలుబు చేస్తే చాలు, ఆర్‌ఎంపీ సెఫ్ట్రియాక్సోన్ సూది వేసి పంపుతాడు. మందుల షాపులో చీటీ అడిగేవాడు లేడు. ముందు అక్కడ లెక్క పెట్టండి, తర్వాత చెరువు దగ్గరికి రండి.

ల్యాబ్_గుంటూరు

ఒక్క విషయం విడదీసి చెప్పనివ్వండి, ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. మీ దగ్గర చేసే పరీక్ష మందు మిగిలిందా అని చూస్తుంది. నేనడిగేది మందుకు అలవాటు పడ్డ బాక్టీరియా మిగిలిందా అని. మందు కొన్నాళ్లకు ఒంట్లోంచి వెళ్లిపోతుంది, అలవాటు పడ్డ బాక్టీరియా ఉండిపోతుంది. పట్టుబడి పరీక్షలో సున్నా వచ్చిన సరుకులోనూ అది ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. ఆ కాగితం రెండో సంగతి గురించి ఏమీ చెప్పదు.

ఆర్‌ఎంపీ సూది గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే మనుషుల్నీ అదే పుస్తకంలో రాయమంటున్నాను.

బ్రాయిలర్_షాద్‌నగర్

రొయ్యలోళ్ల సంగతి వేరు అన్నా. వాళ్ల మందు వాళ్లే కొంటారు. మాది ఇంటిగ్రేషన్. పిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ నావి. కిలోకి ఇంత అని పెంపకం కూలి ఇస్తారు. నిరుడు ఒక బ్యాచ్‌లో పిల్లలు రెండో వారంలో ముడుచుకుని కూర్చున్నాయి. సూపర్‌వైజర్ వచ్చి ఒక పొడి ప్యాకెట్ ఇచ్చి, డ్రమ్ములో కలిపి ఐదు రోజులు తాగించమన్నాడు. ప్యాకెట్ మీద అక్షరాలు నా ఫోన్‌లో ఫొటో తీసి పెద్దగా చేసి చదివిన. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. మా తమ్ముడు ఫార్మసీ చదివిండు. అది ఒంట్లోకి పోయినాక కొంత, మనుషులకిచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుందని చెప్పిండు. మా అమ్మకు డాక్టర్ రాసిచ్చింది కూడా అదే సిప్రో.

బ్యాచ్ అయినాక ఆ లిట్టర్, అంటే కోళ్ల పెంటతో కలిసిన పొట్టు, ఎత్తేది నేనూ నా భార్య. మూతికి తువ్వాలు కట్టుకుని. ఆ ఎరువు పోయేది కూరగాయల తోటకు. నా వరకైతే లెక్క తీయాలె. మొదలు నా షెడ్డులనే తీయండి, నా ఒంట్ల కూడా తీయండి. కానీ తప్పు తేలితే నోటీసు నా పేరు మీద వస్తదా, ప్యాకెట్ ఇచ్చినోడి పేరు మీద వస్తదా? అది ముందు రాసి ఇవ్వాలె.

ప్రజారోగ్యం_పీజీ

నాది కొంచెం ఎదురు మాట. ఫారం నుంచి మనిషికి అన్నది అందరూ నమ్మే కథ అయింది కానీ, ఆధారం అన్నిచోట్లా ఒకేలా లేదు. 2019లో తూర్పు ఇంగ్లండ్‌లో పశువుల ఈ.కోలినీ, రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చిన రోగుల ఈ.కోలినీ జన్యువుల స్థాయిలో పోల్చి చూస్తే, రెండూ చాలావరకు వేర్వేరు వంశాలని తేలింది. మన దగ్గర మనిషి నుంచి మనిషికి పాకడానికి మురుగు, కలుషిత నీళ్లు చాలు. డబ్బు పరిమితం. ఇన్ని శాంపిళ్లకు, జన్యు పరీక్షలకు పెట్టే ఖర్చు మరుగుదొడ్లకూ మంచినీళ్లకూ మందుల షాపుల నిఘాకూ పెడితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయని నా నమ్మకం.

టొరంటో_తెలుగు

నేను ఒంటారియోలో ఆహార భద్రత రంగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను.

కెనడాలో సిపార్స్ అనే జాతీయ నిఘా కార్యక్రమం ఉంది. 2002లో మొదలైంది. కోళ్లలో, కొట్లో అమ్మే చికెన్‌లో, రోగుల్లో దొరికిన బాక్టీరియాను పక్కపక్కన చూడటమే దాని పని. క్విబెక్ రాష్ట్రంలో హేచరీల (గుడ్లు పొదిగించే కేంద్రాల) వాళ్లు పిల్ల బయటికి రాకముందే గుడ్డు లోపలికి సెఫ్టియోఫర్ అనే మందు సూదితో ఎక్కించేవారు, పుట్టిన పిల్లలకు బొడ్డు దగ్గర ఇన్ఫెక్షన్ రాకుండా. అది మనుషులకు వేసే సెఫ్ట్రియాక్సోన్ కుటుంబమే. చికెన్‌లో దొరికే సాల్మొనెల్లా హైడెల్‌బర్గ్ అనే బాక్టీరియాలో ఈ మందుకు లొంగనివి 2004లో 62 శాతం. అదే ఏడు మనుషుల్లో దొరికినవాటిలో 36 శాతం. గ్రాఫులో రెండు గీతలూ కలిసే పైకి పోతున్నాయని కంటికి కనిపించింది. 2005 ఫిబ్రవరిలో హేచరీలు తమంతట తామే ఆ సూది ఆపేశాయి. 2006కల్లా చికెన్‌లో 7 శాతానికి, మనుషుల్లో 8 శాతానికి దిగింది. 2007లో కొన్ని హేచరీలు మళ్లీ మొదలుపెట్టగానే గీత మళ్లీ లేచింది. చివరికి 2014లో కోళ్ల రైతుల సంఘమే, మనుషులకు అత్యంత కీలకమైన మందులను ముందుజాగ్రత్తగా కోళ్లకు వాడకూడదని నిలిపివేసింది.

ఈ గీతల్ని నేను మొదటిసారి చూసిన రోజు చాలాసేపు తెర ముందు నుంచి కదల్లేదు. మనుషుల లెక్క ఒకచోట, కోళ్ల లెక్క ఇంకోచోట ఉండి ఉంటే, ఒక ఆఫీసులో "రోగుల్లో పెరిగింది" అనీ, ఇంకో ఆఫీసులో "కోళ్లలో పెరిగింది" అనీ రాసుకుని ఫైలు మూసేసేవారు.

పీజీ గారూ, మీరు చెప్పిన ఇంగ్లండ్ అధ్యయనాన్ని నేను కాదనను. కానీ రెండూ వేర్వేరు వంశాలని వాళ్లకు ఎలా తెలిసింది? పశువులనీ మనుషులనీ ఒకే ప్రాంతంలో కలిపి చూశారు కాబట్టే. రైతు తప్పు లేదని చెప్పాలన్నా ఇదే లెక్క కావాలి.

రొయ్యల_రైతు_భీమవరం

కెనడా గారు చెప్పింది రెండుసార్లు చదివానండి. చివరి వాక్యం దగ్గర ఆగాను. ఇప్పటిదాకా ఎవరూ మాకు ఆ వైపు నుంచి చెప్పలేదు.

అయినా అక్కడ హేచరీలు కొద్దిమంది చేతుల్లో ఉంటాయి, సంఘం మాట వింటారు. ఇక్కడ అరెకరం చెరువు లీజుకు తీసుకుని అప్పు మీద మేత తెచ్చుకునేవాడు కూడా రైతే. మేత, మందు అరువిచ్చే షాపాయన ఏది చేతిలో పెడితే అదే చెరువులో పోస్తాడు. షాపుల్ని వదిలేసి చెరువుల్లో శాంపిళ్లు తీస్తే ఏం లాభం?

పశువైద్యురాలు_చిత్తూరు

అరువిచ్చే షాపు మాట ఎవరో ఒకరు ఎత్తుతారని చూస్తున్నాను. డెన్మార్క్‌లో 1995లో రెండు పనులు జరిగాయి. పశువులు, తిండి, మనుషుల లెక్క కలిపి తీసే డాన్‌మ్యాప్ మొదలైంది. పశువైద్యులు మందు అమ్ముకుని లాభం తీసుకునే దారి కూడా దాదాపుగా మూసుకుపోయింది. ఎంత మందు అమ్మారో తెలియకుండా ఎంత మొండితనం పెరిగిందో మాత్రమే తీస్తే సగం లెక్కే.

నా పని గురించి దాచకుండా చెబుతాను. ఆవుకు పొదుగువాపు వస్తే చన్నులోకి ట్యూబు మందు ఎక్కిస్తాం. ఇన్ని పూటల పాలు పోయొద్దని చెబుతాం. రెండావులున్న అమ్మ నా ముఖం చూసి, "పోయకుంటే పాల బిల్లు ఎట్లా వస్తాది డాక్టరమ్మా?" అంటుంది. ఆ సాయంత్రమే క్యాను కేంద్రానికి పోతుంది. నేను కళ్లారా చూస్తాను, ఆపలేను. ఆ నాలుగు పూటల పాల డబ్బు ఎవరైనా ఇచ్చే ఏర్పాటుంటే ఆమె పాలు పారబోయడానికి ఎప్పుడూ వెనకాడదు.

ఇంకోటి, శాంపిళ్లు తీసేదెవరు? నా పరిధిలో ఎన్నో ఊళ్లు. టీకాలకే రోజు చాలదు. మనుషుల్ని పెట్టకుండా ఇంకో రిజిస్టర్ ఇస్తే, అందులో ఏదో ఒక అంకె రాసి పంపుతారు. దొంగ లెక్క కంటే లెక్క లేకపోవడం నయం.

పటాన్‌చెరు_వాసి

మీ పుస్తకంలో నీళ్లకు ఒక పేజీ పెట్టండి. మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసే మా ప్రాంతపు ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు రాశారు. మందు మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. 2020 జనవరిలో కేంద్రం ఆ మురుగులో యాంటీబయాటిక్‌కు పరిమితులు పెడుతూ ముసాయిదా ఇచ్చింది, తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. కోళ్ల రైతును అడిగేముందు మమ్మల్నీ అడగండి.

ల్యాబ్_గుంటూరు

అందరివీ చదివాక నా ప్రతిపాదన మార్చుకుంటున్నాను.

ఖర్చు గురించి. అన్ని బాక్టీరియాలు, అన్ని మందులు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ట్రైసైకిల్ అనే పద్ధతి ప్రచురించింది. ఒకే ఒక్క బాక్టీరియా చూస్తారు, సెఫ్ట్రియాక్సోన్ కుటుంబానికి లొంగని ఈ.కోలి. మనుషుల వైపు రోగుల రక్తం, ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల శాంపిళ్లు. తిండి వైపు బజారు కోళ్ల పేగులు. నీళ్ల వైపు నది ఎగువ, దిగువ, ఊరి మురుగు, కబేళా మురుగు. అదే కుటుంబపు మందు సెఫోటాక్సిమ్ కలిపిన ఒక ప్లేటు, కలపని ఒక ప్లేటు. మా ల్యాబ్ లాంటి చోట కూడా చేయగలం. జన్యు పరీక్ష తర్వాత, కొన్నింటికే. పటాన్‌చెరు గారూ, నీళ్ల పేజీ దాంట్లోనే ఉంది.

పేర్ల గురించి. రైతు పేరు, ఊరి పేరు బయటికి రాకూడదు. ఫలితం ముందు రైతు చేతికే వెళ్లాలి. దాన్ని పట్టుకుని నోటీసు ఇవ్వకూడదని మొదటి పేజీలోనే రాయాలి. షాద్‌నగర్ అన్న అడిగింది న్యాయం. ప్యాకెట్ ఇచ్చిన కంపెనీ, ఎంత ఇచ్చిందో తానే అదే పుస్తకంలో రాయాలి. మిగతా మందులు పనిచేయనప్పుడు చివరగా వాడే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు, చెరువులకు వాడకుండా 2019 జూలైలో నిషేధించారు కదా. నిషేధం తర్వాత మన కోళ్లలో, మన మనుషుల్లో ఏం మారిందో ఇలా పక్కపక్కన పెట్టి చూస్తేనే కనపడుతుంది. చైనా 2017లో మేతలో కొలిస్టిన్ ఆపాక పందుల్లోనూ మనుషుల్లోనూ తగ్గిందని వాళ్లు చూపించగలిగారు.

జిల్లా అంకె మాత్రం బయటపెట్టాలి. దాని దగ్గర వెనక్కి తగ్గను. ఆ పెద్దావిడకు చివరికి మెరోపెనెమ్ అనే ఇంకా బలమైన యాంటీబయాటిక్ రాయాల్సి వచ్చింది. రోజుకి మూడుసార్లు సెలైన్‌లో. కూతురు ఉద్యోగానికి సెలవు పెట్టి పక్కన కూర్చుంది. వాళ్లకు ఆ అంకె తెలుసుకునే హక్కుంది.

రొయ్యల_రైతు_భీమవరం

జిల్లా అంకె దగ్గర నేనూ తగ్గనండి. ఒక్క సీజన్ అంకె బయటపెడితే అది నిజం కాదు, భయం. మూడు పంటలు వరసగా తీసి, ఆర్‌ఎంపీల, షాపుల, ఆసుపత్రుల అంకెతో కలిపి ఒకే రోజు ఒకే కాగితం మీద వేస్తే ఆలోచిస్తాను. చెరువు అంకె మాత్రమే ముందు వస్తే ఊరుకోను.

శాంపిల్ ఇవ్వనని మాత్రం అనను. నా రెండు చెరువుల నీళ్లు, మట్టి, రొయ్య తీసుకోండి. పట్టుబడి వచ్చే నెల రెండో వారంలో. మా ఇంట్లో ఆరుగురం ఉన్నాం, మావీ తీసుకోండి. ఊళ్లో ఆర్‌ఎంపీని నేనే అడుగుతాను, ఒప్పుకుంటాడో లేదో చూద్దాం.