షేవింగ్ సబ్బు నురగ నిమిషంలో చచ్చిపోతోంది: బోరు నీళ్ల వల్లనా, నాకు చేతకాకనా?

కొర్లగుంట కుర్రోడు:

అన్నలకు నమస్తే. డబ్బా ఫోమ్ మానేసి సబ్బు, బ్రష్‌తో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాను. సామాను ఇదీ: గుండ్రటి షేవింగ్ సబ్బు బిళ్ల, సింథటిక్ బ్రష్, స్టీలు గిన్నె, డబుల్ ఎడ్జ్ రేజర్. తిరుపతిలో అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. బ్రష్ తడిపి సబ్బు మీద పది సెకన్లు తిప్పి, గిన్నెలో గిలక్కొడతాను. గిన్నె నిండా పొంగుతుంది. కానీ ఒక చెంప గీసేలోపు రెండో చెంప మీద తెల్లటి పొర తప్ప ఏమీ మిగలదు. గిన్నె అంచుకి జిగటగా తెల్ల మడ్డి పడుతోంది. నీళ్లు ఎక్కువవుతున్నాయా, తక్కువవుతున్నాయా? సబ్బే మార్చాలా?

చిత్తూరు బ్రష్షు:

సబ్బు జోలికి పోవద్దు తమ్ముడూ. నువ్వు రాసిన దాంట్లోనే జవాబుంది. పది సెకన్లు, బోరు నీళ్లు, తెల్ల మడ్డి. ఆ మడ్డి నురగ కాదు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారితే పడేది అది. బకెట్ లోపల పేరుకునేదీ అదే. అంటే బ్రష్‌కి ఎక్కించిన సబ్బులో కొంత నీళ్లకే ఖర్చయిపోయింది. అసలే పది సెకన్ల సబ్బు, అందులోనూ కోత. మిగిలిన దాంతో బుడగలైతే పుడతాయి గానీ నిలబడవు. గిన్నె నిండా పొంగిందని మురిసిపోవద్దు, అదంతా గాలే.

ముందు ఒక పరీక్ష చెయ్. మంచినీళ్ల క్యాన్‌లోంచి ఒక గ్లాసు తీసుకుని, మిగతాదంతా ఇప్పుడు చేస్తున్నట్టే చెయ్. నురగ నిలబడితే తప్పు నీళ్లది. అప్పటికీ చస్తే సబ్బు చాలట్లేదు. రెండూ ఉన్నాయని నా అనుమానం.

ఇక పద్ధతి. బిళ్ల మీద ఒక టీ చెంచా గోరువెచ్చటి నీళ్లు పోసి రెండు మూడు నిమిషాలు వదిలెయ్, పైపొర మెత్తబడుతుంది. తర్వాత ఆ నీళ్లు పారబోయకుండా గిన్నెలోకి వంపుకో. సింథటిక్ బ్రష్‌ని నానబెట్టే పనిలేదు, ముంచి తీస్తే చాలు. పంది వెంట్రుకలదైతే మాత్రం ఐదు నిమిషాలు నానాలి, లేకపోతే నురగలోని నీళ్లు అదే తాగేస్తుంది. సింథటిక్‌తో కొత్తవాళ్లు దెబ్బతినేది వేరేచోట. దాని వెంట్రుకలు నీళ్లు పీల్చవు, కుచ్చు మధ్యలో పట్టి ఉంచుతాయి. సబ్బు మీద అదమగానే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా దిగుతాయి. అందుకని రెండు మూడుసార్లు గట్టిగా విదిలించాకే సబ్బు మీద పెట్టు.

తేలిగ్గా అదిమి తిప్పు. క్యాన్ నీళ్లయితే ముప్పై సెకన్లు, బోరు నీళ్లయితే ముప్పావు నిమిషం నుంచి నిమిషం. మొదట వచ్చే బుడగల్ని పట్టించుకోకు. అవి పోయి, చిక్కటి పేస్టు బ్రష్ కొనలకు పట్టి, తిప్పడం కొంచెం బరువనిపిస్తే సరిపడా ఎక్కినట్టు. ఒక షేవింగ్‌కి సుమారు గ్రాము సబ్బు పడుతుంది.

ఆ పేస్టుని గిన్నెలో పావు నిమిషం తిప్పి, ఆ తర్వాతే నీళ్లు. గిన్నెలో వంపుకున్న చెంచాడూ లెక్కలోదే, పైన అర చెంచా చొప్పున పోస్తూ, పోసిన ప్రతిసారీ పదిహేను ఇరవై తిప్పులు తిప్పి చూసుకో. గ్రాము సబ్బు మొత్తంమీద రెండు చెంచాలదాకా తాగుతుంది, ఒక్కోసారి ఇంకాస్త. నీళ్లు తక్కువైన నురగకి మెరుపుండదు, బ్రష్ ఎత్తితే పొడుగాటి మొనలు లేస్తాయి, రేజర్ పట్టి లాగుతుంది. ఎక్కువైతే బుడగలు కంటికి కనబడతాయి, గిన్నె వాలిస్తే జారిపోతుంది. సరిగ్గా కుదిరింది చిలికిన గడ్డపెరుగులా మెరుస్తూ ఉంటుంది, మొన లేచి కొన వంగుతుంది. రెండు వేళ్ల మధ్య రుద్దితే జర్రున జారాలి. చాలామంది తెల్లగా గట్టిగా నిలబడగానే అయిపోయిందని ఆపేస్తారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, గీస్తే మంట.

నీళ్లు ఎక్కువైపోతే కంగారు పడొద్దు. బ్రష్‌ని మళ్లీ సబ్బు మీద పది సెకన్లు తిప్పి వచ్చి కలుపు.

రేణిగుంట రేజరు:

పై అన్న చెప్పింది కరెక్టే, కానీ కొత్తవాళ్లకి గిన్నె ఎందుకు సామీ? నున్నటి స్టీలు గిన్నెలో బ్రష్‌కి పట్టు దొరకదు, ఊరికే గాలి ఎక్కుతుంది. సబ్బు ఎక్కించిన బ్రష్‌ని నేరుగా తడి గడ్డం మీద తిప్పు, కొనలు మాత్రం నీళ్లలో అద్దుకుంటూ నిమిషంన్నర. నీళ్లు చాలాయో లేదో చర్మమే చెబుతుంది, గడ్డం కూడా ఈలోపు మెత్తబడుతుంది. మొటిమలుంటే మాత్రం గిన్నె పద్ధతే మేలు, బ్రష్ రాపిడి తగ్గుతుంది.

అందరూ నురగ గురించే మాట్లాడుతున్నారు గానీ, వెంట్రుకని మెత్తబరిచేది నీళ్లు. సబ్బు ఆ తడిని పట్టి ఉంచుతుంది, బ్లేడు జారేట్టు చేస్తుంది. కొండ మీద కల్యాణకట్టలో చూడండి, తల బాగా తడిపి నీళ్లతోనే గీసేస్తారు. కాబట్టి స్నానం అయ్యాక గీసుకో, లేదా గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు తడిపి ఉంచి, తుడవకుండా నురగ పుయ్యి.

మన ఎండాకాలంలో ఇంకో చిక్కు: ఫ్యాన్ కింద నిలబడితే ఎంత మంచి నురగైనా ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపు, ఒక చెంపకి పూసి గీశాక రెండో చెంపకి పుయ్యి. మధ్యలో ఆరితే కొత్త నురగ అక్కర్లేదు, తడి బ్రష్‌తో ఒకసారి తిప్పితే మళ్లీ లేస్తుంది.

కొర్లగుంట కుర్రోడు:

క్యాన్ నీళ్లతో పది సెకన్లకి కొంచెం మెరుగైంది, అంతే. అదే నీళ్లతో ముప్పై సెకన్లు ఎక్కిస్తే మూడు పూతలకీ నిలబడింది. బోరు నీళ్లతో నిమిషం ఎక్కించినా పర్వాలేదు, మడ్డి మాత్రం పోలేదు. థాంక్స్ అన్నా. ఇంకో మూడు సందేహాలు. నీళ్లలో నిమ్మరసం పిండితే మెత్తబడతాయంటున్నారు, నిజమేనా? కాచి వాడితే? సబ్బులో జంతువుల కొవ్వు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంట్లో అడుగుతున్నారు.

కెమిస్ట్రీ ట్యూషన్:

నిమ్మరసం వద్దు బాబూ. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల లవణం. ఆమ్లం తగిలితే అది తిరిగి కొవ్వు ఆమ్లంగా మారిపోతుంది, నురగ విరిగిపోతుంది.

కాచడం సగం మందే. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉండటాన్నే కఠినత్వం అంటారు. బైకార్బనేట్ల వల్ల వచ్చిన కఠినత్వం మరిగిస్తే పోతుంది. గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదే. ఐదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, పైపైన తేటనీళ్లు వంపుకోవాలి. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చినది ఎంత మరిగించినా పోదు. మన దగ్గర బోర్లలో రెండూ ఉంటాయి కాబట్టి కాచినా తేడా కొద్దిగానే కనబడొచ్చు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. తాగడానికి పనికొచ్చే నీళ్లు కూడా సబ్బుని తినేయగలవన్నమాట. మున్సిపాలిటీ కొళాయిలో కల్యాణి డ్యామ్ నీళ్లో తెలుగు గంగ నీళ్లో వస్తుంటే ఒక చెంబు పట్టి పెట్టుకో, అలాంటి నీళ్లు మామూలుగా బోరు కన్నా మెత్తగా ఉంటాయి. నురగకీ బ్రష్‌కీ పావు లీటరు చాలు. ముఖం కడగడానికి బోరు నీళ్లే వాడుకో.

కొవ్వు సంగతికి లేబుల్ చూడు. సోడియం టాలోవేట్, పొటాషియం టాలోవేట్ అని ఉంటే జంతువుల కొవ్వు. పామేట్ అంటే తాటిజాతి పామ్ నూనె. స్టియరిక్ యాసిడ్ రెండు రకాలుగానూ వస్తుంది, పేరు చూసి తేల్చలేం. పచ్చ చుక్క ఉందేమో చూసుకో. బ్రష్ సింథటిక్ కాబట్టి దాని గొడవ లేదు. జంతువుల కొవ్వు లేని సబ్బు కదా అని ఒంటి సబ్బుతో కానిచ్చేయకు. షేవింగ్ సబ్బులో స్టియరిక్ యాసిడ్ ఎక్కువ, పొటాషియం లవణాలు ఉంటాయి. నురగ చిక్కగా, తడిగా నిలిచేది వాటివల్లే.

చిత్తూరు బ్రష్షు:

చివర్లో పటిక రుద్దే అలవాటుంటే ఆ చేత్తో బ్రష్ ముట్టుకోవద్దు. పటికలోని అల్యూమినియం కూడా సబ్బుని కాల్షియం లాగే మడ్డి చేసేస్తుంది. బోరు నీళ్లతో కడిగిన బ్రష్ వెంట్రుకలు కొన్నాళ్లకి బిరుసెక్కుతాయి, ఆఖరి కడుగు క్యాన్ నీళ్లతో కానివ్వు. విదిలించి బాత్రూమ్ బయట ఆరబెట్టు. సబ్బు డబ్బాకి మూత అదే రోజు పెట్టేయకు, అడుగున నీళ్లు నిలిస్తే బిళ్ల మెత్తబడి సగం దానంతటదే కరిగిపోతుంది.