ఇద్దరికీ హెపటైటిస్ సీ సోకింది, అన్నయ్యకి దానంతట అదే పోయింది, నాకెందుకు పోలేదు?

ఉప్పల్ నుంచి:
అందరికీ నమస్కారం. ఆఫీసు క్యాంపులో రక్తం ఇచ్చాను, పది రోజులకి బ్లడ్ బ్యాంక్ వాళ్లు ఫోన్ చేసి హెపటైటిస్ సీ (కాలేయానికి సోకే వైరస్) యాంటీబాడీ రియాక్టివ్, అంటే ఆ వైరస్ ఎప్పుడో సోకిన గుర్తు రక్తంలో ఉంది అన్నారు. ఇంట్లో అందరికీ టెస్టు చేయిస్తే అన్నయ్యకీ రియాక్టివే. కానీ రక్తంలో వైరస్ ఇప్పుడుందో లేదో చూసే పీసీఆర్ పరీక్షలో అన్నయ్యకి వైరస్ లేదు, నాకు లక్షల్లో ఉంది. చిన్నప్పుడు ఊళ్లో ఆర్‌ఎంపీ ఒకాయన, జ్వరం వస్తే చాలు, స్టీలు డబ్బాలోంచి తీసిన ఒకే గాజు సిరంజితో ఇద్దరికీ సూది వేసేవాడు, అలాగే సోకి ఉండొచ్చని డాక్టర్ అన్నారు. అమ్మేమో "నువ్వు హాస్టల్ తిండి తిని ఒళ్లు గుల్ల చేసుకున్నావు, అందుకే పోలేదు" అంటోంది. నా తప్పేనా?

తార్నాక, జెనెటిక్స్ చదివినామె:
తిండి వల్ల కాదండీ, ముందు ఆ మాట అమ్మగారికి చెప్పండి. ఈ వైరస్ సోకిన వందమందిలో 15 నుంచి 45 మందికి మందు లేకుండానే ఆరు నెలల్లోపు పోతుంది. ఎవరికి పోతుందన్నదాంట్లో జన్యువుల పాత్ర పెద్దది. కణంలో దూరిన వైరస్ ముక్కల్ని పైకి తెచ్చి టీ కణాలకి (రోగాలతో పోరాడే తెల్లరక్త కణాలకి) చూపించేవి హెచ్‌ఎల్‌ఏ అణువులు. బీ27, బీ57 లాంటి రకాలున్నవాళ్లలో ఈ వైరస్ పోవడం ఎక్కువగా కనిపించింది. ఈ హెచ్‌ఎల్‌ఏ జన్యువులు అమ్మ దగ్గర రెండు సెట్లు, నాన్న దగ్గర రెండు సెట్లు ఉంటే మనకి ఒక్కొక్కరి నుంచి ఒక్కో సెట్టు వస్తుంది, కాబట్టి తోబుట్టువులిద్దరికీ అచ్చంగా ఒకే జత వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇది ఆరో క్రోమోజోమ్ సంగతి. 19వ క్రోమోజోమ్ మీద ఐఎల్28బీ అనే జన్యువు ఇంకోటుంది, దాని దగ్గర డీఎన్‌ఏలో ఒకచోట అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా సీ అనే అక్షరమే వచ్చినవాళ్లకి వైరస్ తేలిగ్గా పోతుందని 2009లో తేలింది. ఒకే కడుపున పుట్టినా ఇవన్నీ వేరువేరుగా పంచుకుంటాం కదా.

ఐర్లాండ్ సంగతి చూడండి. 1977, 78లలో కాన్పయిన నెగటివ్ బ్లడ్ గ్రూపు తల్లులకి, తర్వాతి బిడ్డకి ఇబ్బంది రాకుండా ఇచ్చిన యాంటీ-డీ ఇంజెక్షన్లు కలుషితమై ఎంతోమందికి ఈ వైరస్ ఎక్కింది. అందరూ ఆడవాళ్లే, మూలం ఒకటే, అయినా 1994 తర్వాత పరీక్షిస్తే దాదాపు సగం మందిలో వైరస్ లేదు. పోయినవాళ్లలో బీ27 ఎక్కువగా కనిపించింది.

మలక్‌పేట నుంచి:
మా బాబాయికి పచ్చకామెర్లు వస్తే పసరు మందుతో తగ్గిందని ఇప్పటికీ చెప్తారు. హెపటైటిస్ ఏ అయితే ఎలాగూ తగ్గేదే, బీ కూడా పెద్దవాళ్లలో నూటికి 95 మందికి దానంతట అదే పోతుంది, అదే పుట్టినప్పుడు సోకితే 90 శాతం మందికి ఉండిపోతుంది. ఒంట్లో రక్షణ వ్యవస్థ చేసిన పని పసరు ఖాతాలో పడిపోయింది. దయచేసి ఎవరో చెప్పారని పసర్లు తాగి నెలలు పోగొట్టుకోకండి.

ఉప్పల్ నుంచి:
చాలా థ్యాంక్సండీ, మనసు కాస్త కుదుటపడింది. మరి నేను ఆ జన్యు పరీక్ష చేయించుకోవాలా?

తార్నాక, జెనెటిక్స్ చదివినామె:
అక్కర్లేదు. ఈ వైరస్‌కి ఇంటర్‌ఫెరాన్ అనే పాత మందు ఇంజెక్షన్లు వేసే రోజుల్లో మందు పనిచేస్తుందో లేదో అంచనా వేయడానికి ఆ పరీక్ష చేయించేవారు. ఇప్పటి మాత్రలు మీ జన్యువులు ఏవైనా నూటికి 95 మందికి పైగా నయం చేస్తాయి, ఎక్కువమందికి 12 వారాలే. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తున్నారు, గాంధీలోనో ఉస్మానియాలోనో అడగండి. అన్నయ్య గారికి పీసీఆర్ ఇంకోసారి చేయించండి. ఒకసారి పోయినంత మాత్రాన మళ్లీ సోకదని కాదు, కాబట్టి ఇద్దరూ ఒకే రేజర్ వాడొద్దు. మాత్రలు అయిపోయాక ఇంకో 12 వారాలు ఆగి పీసీఆర్ చేస్తారు, ఆ రిపోర్టు వచ్చిన రోజు ఇక్కడ ఒక్క ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.